ఊటీ ప్రయాణం: పొగబండిలోనా, కొత్త కారులోనా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమెకు 41 ఏళ్ళు. భర్త అంబత్తూరు పారిశ్రామికవాడలో ఉద్యోగి. సొంత ఊరు నెల్లూరు దగ్గర పల్లె. ఇంట్లో 68 ఏళ్ళ అత్తగారు, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఏడేళ్ళ బాబు. జనవరిలో కారు కొన్నారు. కారు ఇంటికి తెచ్చిన రోజే భర్త తన తల్లితో, "అమ్మా, మొదటి దూరప్రయాణం ఊటీకే. నువ్వు నా పక్కన ముందు సీట్లో కూర్చోవాలి" అన్నారట. మే రెండో వారంలో ఒక శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి బయలుదేరితే తెల్లవారేసరికి కొండ మీద ఉండవచ్చని ఆయన లెక్క. అత్తగారికి చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఆవిడ మాత్రం ఊటీ అంటే కొండ ఎక్కే ఆ పొగబండే అంటున్నారు. అది ఎక్కని ఊటీ తనకు వద్దంటున్నారు. అమ్మాయికి జూన్‌లో పదో తరగతి మొదలవుతుంది కనుక ఈ వేసవి తప్పితే మళ్ళీ ఏడాది దాకా కుదరదన్నది అందరి మాట.

అసలు బాధ వేరే ఉంది. రెండేళ్ళ క్రితం అద్దె కారులో ఏర్కాడు వెళ్ళారు. సేలం నుంచి పైకి ఎక్కే 20 హెయిర్‌పిన్ మలుపుల్లో బాబు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. సీటంతా పాడైంది. డ్రైవరు విసుక్కున్నాడు. భర్త ఈమె మీద విరుచుకుపడ్డారు: "బయలుదేరేముందు పెరుగన్నం ఎవరు పెట్టమన్నారు?" ఆ రెండు రోజులూ ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఊటీ మాట ఎత్తగానే బాబు, "అమ్మా, మీరందరూ వెళ్ళిరండి, నేను అమ్మమ్మ దగ్గర ఉంటాను" అన్నాడట. "దేంట్లో వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి? నేను ఏది చెప్పినా ఒకరికి కోపం వస్తుంది. ఏదైనా తేడా వస్తే తప్పు నాదే అవుతుంది" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊటీ సంగతి తర్వాత, ముందు పెరుగన్నం సంగతి తేల్చేద్దాం. రెండేళ్ళుగా మీరు ఆ మాట మోస్తున్నట్టు కనిపిస్తోంది.

మీ తప్పు లేదు. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పడం కడుపులో మొదలయ్యే బాధ కాదు, చెవిలో మొదలవుతుంది. లోపలి చెవిలో శరీరం తూగును కనిపెట్టే భాగం ఉంటుంది. మలుపు మలుపుకూ ఒళ్ళు ఊగుతోందని అది మెదడుకు చెబుతుంది. అదే సమయంలో కళ్ళు కారు లోపలి సీటునో, చేతిలో ఉన్న బొమ్మనో చూస్తుంటే, ఏమీ కదలడం లేదని అవి చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడు వాంతి వస్తుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. మీ ఉత్తరం రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: "అల్లరి చేయకుండా ఉంటాడని ఫోను ఇచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాము." కారణం అక్కడుంది. నిండు కడుపు బాధను కొంచెం పెంచి ఉండవచ్చు. కానీ ఆ రోజు పెరుగన్నానికి బదులు ఇడ్లీ పెట్టినా ఆ మలుపుల్లో ఆ ఫోను చూస్తూ కూర్చుంటే జరిగేది అదే. ఈ మాట మీ వారికి కూడా చదివి వినిపించండి.

ఇక ఊటీ. మీ ఇంట్లో అందరూ ఊటీ అనే అంటున్నారు కానీ ఎవరి ఊటీ వారిదే. మీ వారి ఊటీ, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తన కారు నడపడం. అత్తగారి ఊటీ, పొగబండి. అమ్మాయికి పదో తరగతి ముందు దొరికే నాలుగు రోజుల ఊపిరి. బాబుకు అది భయం. మీకు, ఎవరూ కోప్పడకుండా ఇంటికి తిరిగి రావడం. ఇన్ని కోరికలను ఒకే బండిలో ఎక్కించాలని చూస్తే ఏ బండీ చాలదు. కొన్నింటిని విడదీయాలి. ఏది విడదీయవచ్చో చూద్దాం.

కారు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నాకు భయం కలిగించింది అదే. చెన్నై నుంచి ఊటీ దాదాపు 550 కిలోమీటర్లు. రోజంతా ఉద్యోగం చేసి వచ్చిన మనిషి రాత్రంతా నడిపితే, కొండ కింద ఉన్న మేట్టుపాళయం చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. మనిషికి నిద్ర బలంగా ముంచుకొచ్చే వేళ అది. సరిగ్గా ఆ వేళకే, ఊటీ దారిలో వచ్చే కూనూరు ఘాట్ మొదలవుతుంది. 14 హెయిర్‌పిన్ మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కొండదారి ఎప్పుడూ నడపని చేతులు, నిద్రలేని కళ్ళు, వెనక వాంతులు చేసుకునే బిడ్డ. ఈ మూడూ ఒకచోట కలవకూడదు. ఆ ఒక్క విషయంలో మాత్రం మీరు కాదని గట్టిగా చెప్పాలి. మిగతావన్నీ మాట్లాడుకుని సర్దుకోదగినవే.

కొన్నేళ్ళ క్రితం నేను ఆ దారిలో కిందికి దిగుతుండగా బర్లియార్‌కు కొంచెం పైన ఒక కారు పక్కకు ఆగి ఉంది. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ వస్తోంది. కాలిన రబ్బరులాంటి ఘాటు వాసన రోడ్డంతా అలముకుంది. పాతికేళ్ళ కుర్రవాడు సీసాతో చక్రం మీద నీళ్ళు పోస్తున్నాడు. తల్లి కాబోలు, ఒకావిడ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రాతిగోడ మీద కూర్చుంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ కుర్రవాడు పై నుంచి అంతదూరం నాలుగో గేరులో బ్రేకు మీద కాలు పెట్టే దిగాడు. అలా ఎడతెగకుండా నొక్కితే బ్రేకు కాలిపోయి పట్టు వదిలేస్తుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరు వాడాలి, బండిని ఇంజనే పట్టి ఆపాలి, బ్రేకు అప్పుడప్పుడే తొక్కాలి, న్యూట్రల్ మాటే ఎత్తకూడదు. ఎదురుగా ఎక్కే బండికి దారి వదలాలి. ఇవి నేర్చుకోలేని విద్యలు కావు. కానీ నేర్చుకోవడానికి అత్తగారినీ బాబునూ ఎక్కించుకుని వెళ్ళిన మొదటి ప్రయాణం తగిన చోటు కాదు.

అయినా కారులోనే అని మీ వారు పట్టుబడితే దానికీ దారి ఉంది. రాత్రి కాకుండా తెల్లవారుజామున నాలుగింటికి, కంటినిండా నిద్రపోయి లేచి బయలుదేరండి. వేలూరు, సేలం మీదుగా వెళ్ళి, ప్రతి రెండు గంటలకూ ఆగి, అత్తగారిని పది నిమిషాలు నడిపించి, సాయంత్రానికి కోయంబత్తూరులోనో మేట్టుపాళయంలోనో రాత్రికి ఆగండి. మర్నాడు ఉదయం ఎండెక్కకముందే కొండ ఎక్కండి. దీనివల్ల ఒక రోజు, ఒక రాత్రి గది అద్దె అదనం. అత్తగారి కాళ్ళు వాస్తాయి, ఆ మాట దాచను. సీజనులో సాధారణంగా కూనూరు మీదుగా పైకి, కోటగిరి మీదుగా కిందికి వదులుతారు కనుక దిగేటప్పుడు దారి మారుతుంది.

ఇంకొకటి, ఇ-పాస్, అంటే బండి కొండ ఎక్కడానికి ముందే తీసుకునే అనుమతి చీటీ. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బయటి బండ్లకు అది తప్పనిసరి చేశారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టనక్కర్లేకుండానే తీసుకోవచ్చు. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. మీరు వెళ్ళే వారానికి నిబంధన ఎలా ఉందో చూసుకుని, పాస్ చేతికి వచ్చాకే గది ఖాయం చేసుకోండి. అంత పరిమితి పెట్టవలసి వచ్చిందంటేనే మే నెల వారాంతంలో అక్కడ రోడ్డు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. కూనూరు నుంచి ఊటీ దాకా బండి వెనక బండి. ఇంజను ఆపి కూర్చోవడం, మళ్ళీ పది అడుగులు కదలడం. కడుపు తిప్పే పిల్లవాడికి మలుపు ఎంత కష్టమో ఆ ఆగి ఆగి కదలడమూ అంతే కష్టం.

విమానం గురించి ఒక్క మాట. కోయంబత్తూరు దాకా గంటకు కాస్త ఎక్కువ, అంతే. కానీ అక్కడి నుంచి ఊటీకి ఇంకా మూడు గంటల రోడ్డు, అదే ఘాట్. అయిదుగురి టికెట్ల డబ్బు పెట్టి తప్పించుకున్నది కష్టం లేని సగమే అవుతుంది. రాత్రి బస్సులు కూడా నేను చెప్పను. వెనక పడకల్లో ఊపు ఎక్కువ, అత్తగారు ఎక్కి దిగలేరు.

ఇప్పుడు అత్తగారి పొగబండి. ఆవిడ కోరిక నాకు చాలా నచ్చింది. అది ముసలితనపు మొండితనం కాదు. మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్ల ఆ దారి మన దేశంలో ఇంకెక్కడా లేని దారి. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా నడిచింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ మొదట్లో ఉన్న కల్లారు స్టేషను దాటగానే బండి దాదాపు ఆగినంత నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనుప కమ్మీలు మొదలవుతాయి. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రం ఆ పళ్ళలో ఇమిడినప్పుడు ఒక చిన్న కుదుపు, తర్వాత కింద నుంచి ఒకే తీరుగా చప్పుడు. ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి తోస్తుంది. కనుక మొదటి పెట్టెలో కూర్చున్నవారికి ఎదురుగా అడవీ, సొరంగమూ తప్ప ఏమీ ఉండదు.

బాబుకు కూడా ఇందులో ఒక మేలుంది. పైకి అయిదు గంటలకు కాస్త తక్కువ పడుతుంది, అంటే గంటకు పది కిలోమీటర్ల నడక. ఆ వేగంలో ఒళ్ళు విసిరేసినట్టు ఊగదు. కిటికీ పెద్దది, గాలి తగులుతుంది, చూడటానికి కళ్ళ ఎదుట కొండ ఉంటుంది.

కానీ మీ అత్తగారికి చక్కెర జబ్బు అని రాశారు. తరచూ మూత్రానికి వెళ్ళాలని కూడా రాశారు. ఆ పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు. ఈ సంగతి ముందు తెలియక చాలామంది పెద్దవాళ్ళు దారిపొడుగునా బాధపడతారు, సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. దారిలో హిల్‌గ్రోవ్ స్టేషనులో ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. అందరూ దిగుతారు, టీ, వడలు దొరుకుతాయి, కోతులు చేతిలో ఉన్నది లాక్కుపోతాయి. కూనూరులో ఇంజను మారుస్తారు. ఈ రెండు ఆగే చోట్లనే నమ్ముకోవాలి. బెంచీలు ఇరుకు, మోకాళ్ళు చాపుకోవడానికి చోటు తక్కువ. కనుక పూర్తి దారి పొగబండిలో అంటే అత్తగారు ఒప్పుకుంటే చాలదు, ఆవిడ శరీరం కూడా ఒప్పుకోవాలి. ఈ విషయం మీ వారి ఎదుట కాకుండా, మీరు ఒక్కరే వంటింట్లో ఆవిడతో మాట్లాడండి. కొడుకు ముందు ఏ తల్లీ నిజం చెప్పదు.

పూర్తి దారి తట్టుకోగలనని ఆవిడ అంటే ఇలా చేయవచ్చు. చెన్నై సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారి ఆరు దాటాక మేట్టుపాళయం చేరుస్తుంది. ఏడు దాటాక పొగబండి. రెండూ కలిసేలాగే ఏర్పాటు ఉంది. టికెట్లు 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుంటాయి. మే నెలకైతే పొగబండి సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. మీ ఉత్తరం మార్చి మొదటి వారంలో వచ్చింది కనుక, మే రెండో వారానికి మీకు ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ ముందు రోజు రాత్రి బయలుదేరుతుంది కనుక రెండు బండ్లకూ రోజు లెక్క ఒకటి తేడా ఉంటుంది, మరవకండి. పొగబండి టికెట్ దొరకకుండా ఎక్స్‌ప్రెస్ టికెట్ మాత్రం దొరికితే నిరాశపడవద్దు. ఇంకో దారి ఉంది, మీ ఇంటికి నేనైతే దానివైపే మొగ్గుతాను.

మేట్టుపాళయం దాకా రైల్లో నిద్రపోయి వెళ్ళండి. అక్కడ నీలగిరి జిల్లా నంబరున్న అద్దె కారు, ఆ ఘాట్ రోజూ ఎక్కి దిగే డ్రైవరుతో, ముందే మాట్లాడుకోండి. స్థానిక బండి కనుక ఇ-పాస్ బాధ ఉండదు. కూనూరు దాకానే వెళ్ళండి. మలుపులు అక్కడితో చాలావరకు అయిపోతాయి. బసా అక్కడే పెట్టుకోండి. ఊటీ కన్నా కిందుగా ఉంటుంది, చలి తక్కువ, జనమూ తక్కువ, అత్తగారి మోకాళ్ళకు మంచిది. మర్నాడు కూనూరు నుంచి ఊటీకి కొండరైలు ఎక్కండి. రోజుకు కొన్నిసార్లు నడుస్తుంది, గంటకు కొంచెం ఎక్కువ ప్రయాణం. ఆ ముక్కలో లాగేది డీజిలు ఇంజను, అత్తగారి పొగబండి కాదు. ఈ మాట ఆవిడకు ముందే చెప్పాలి, లేకపోతే స్టేషనులో ఆవిడ ముఖం చూడలేరు. పొగబండి కావాలంటే తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. ఊటీలో మధ్యాహ్నం బయలుదేరే బండి సాయంత్రం ఆరు లోపు మేట్టుపాళయం చేరుతుంది. దిగేటప్పుడు సమయం మూడున్నర గంటలే. కూనూరు నుంచి కిందికి ఆవిరి ఇంజనే. అదే రాత్రి చెన్నై ఎక్స్‌ప్రెస్ అందుతుంది. దిగే బండికి కూడా టికెట్ సులువేమీ కాదు, కానీ రెండు వైపులా ప్రయత్నిస్తే ఏదో ఒకటి చిక్కే అవకాశం పెరుగుతుంది.

ఇందులో మీ వారు నష్టపోతున్నారు, ఆ మాట నేను దాచను. ఆయన తల్లికి ఇచ్చిన మాట ఒకటి ఉంది. అది డాబు కోసం అన్న మాట అని నాకు అనిపించలేదు. సొంత కారులో తల్లిని కూర్చోబెట్టుకోవాలని పల్లె నుంచి వచ్చి నిలదొక్కుకున్న ఏ కొడుక్కైనా ఉంటుంది. అందుకే ఆ మాటను ఊటీ నుంచి విడదీయండి. ఉగాదికో, లేదా ఏప్రిల్‌లో అమ్మాయి పరీక్షలు అయిన మర్నాడో, కారులో మీ ఊరికి వెళ్ళండి. నెల్లూరు దాకా తిన్నని జాతీయ రహదారి, మూడున్నర గంటలు, మలుపులు లేవు. అత్తగారు ముందు సీట్లో. తన ఊరి వాళ్ళ ఎదుట కొడుకు కారులో నుంచి దిగడం ఆవిడకూ, దింపడం ఆయనకూ ఊటీలో దొరికేది కాదు.

ఎప్పుడు అన్నదానికి వస్తే, మే తప్పదనుకుంటే వారాంతం మాత్రం వద్దు. ఆదివారం రాత్రి రైలెక్కి, సోమవారం పైకి చేరి, గురువారం దిగండి. మీ వారికి నాలుగు రోజుల సెలవు పోతుంది, కానీ గదుల అద్దె, రద్దీ రెండూ తగ్గుతాయి. మేలో బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. అది చూడాలని మీకెవరికీ పట్టుదల లేకపోతే ఆ రోజులు వదిలేయండి. చెన్నైలో కత్తిరి ఎండలు మండే రోజుల్లో అక్కడ పగలు ఇరవై రెండు డిగ్రీల చుట్టుపక్కలే ఉండటం నిజంగానే పెద్ద సుఖం. అయినా రాత్రికి స్వెటర్లు కావాలి.

మే కాదనుకుంటే నాకు బాగా నచ్చే కాలం సెప్టెంబరు చివర. త్రైమాసిక పరీక్షల సెలవులు, గాంధీ జయంతి కలిసివస్తాయి. ఊటీవాళ్ళు దాన్ని రెండో సీజన్ అంటారు. కొండలు పచ్చగా ఉంటాయి, జనం మే నెలంత ఉండరు. పదో తరగతి అమ్మాయికి ఆ సెలవుల్లో ప్రత్యేక తరగతులు పెట్టవచ్చు, అది బడిలో ముందే అడగండి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా మాత్రం వద్దు. మనకు చెన్నైలో వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలే అక్కడ కల్లారు, కూనూరు మధ్య కొండచరియలు పడగొడతాయి. పొగబండి రోజుల తరబడి ఆగిపోతుంది. దాని కోసమే వెళ్ళిన అత్తగారికి అంతకన్నా దుఃఖం ఉండదు. జనవరిలో ఆకాశం శుభ్రంగా ఉంటుంది కానీ తెల్లవారి గడ్డి మీద మంచు గడ్డకట్టే చలి, కీళ్ళ నొప్పులున్నవారికి కష్టం.

బయలుదేరే ముందు అత్తగారిని ఆవిడ వైద్యుడికి చూపించి, మందుల వేళలు అడగండి. బాబుకు వాంతులు ఆపే మందు పిల్లల వైద్యుడు చెబితేనే, ఆయన చెప్పినంతే, మలుపులు మొదలవడానికి ముందుగానే ఇవ్వండి. పొద్దున కడుపు ఖాళీగానూ వద్దు, నిండుగానూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీటులో కూర్చోబెడితే బాగుంటుందని అందరూ చెబుతారు, కానీ గాలిసంచి (ఎయిర్‌బ్యాగ్) ఉన్న కారులో ఏడేళ్ళ వాడికి అది క్షేమం కాదు. వెనక సీటు మధ్యలో, బెల్టు పెట్టి, ఎదుటి అద్దంలోంచి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి. నీలగిరి జిల్లాలోకి ప్లాస్టిక్ సంచులు, చిన్న నీళ్ళ సీసాలు తీసుకెళ్ళనివ్వరు. కనుక వాంతికి మందపాటి కాగితం సంచులు, మూత గట్టిగా పట్టే పాత స్టీలు డబ్బా ఒకటి, తడి తువ్వాలు దగ్గర పెట్టుకోండి. వాంతి అయితే అయింది. బండి ఆపి, నోరు కడిగించి, అయిదు నిమిషాలు నిలబెట్టి మళ్ళీ బయలుదేరవచ్చు. డ్రైవరుకు ముందే చెప్పి, నెమ్మదిగా నడపమని, ఆపమన్న చోట ఆపమని మాట తీసుకోండి.

టికెట్ల సంగతి ఈ వారంలో తేల్చుకోవాలి. అంతకన్నా ముందు, వీలైతే ఈ రాత్రే, బాబును దగ్గర కూర్చోబెట్టుకుని చెవికీ కంటికీ పొసగకపోతే ఏమవుతుందో వాడి భాషలో చెప్పండి. ఏర్కాడులో వాడు తప్పు చేయలేదని చెప్పండి. మీ వారు కూడా పక్కన ఉంటే ఇంకా మంచిది. కూనూరు ఘాట్‌లో ప్రతి హెయిర్‌పిన్ మలుపు దగ్గరా దాని నంబరు రాసిన బోర్డు ఉంటుంది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా ఆ బోర్డులను అందరికన్నా ముందు చూసి గట్టిగా చదివే పని వాడికి అప్పగించండి. కళ్ళు ఫోను మీదకు పోవు, రోడ్డు మీదే ఉంటాయి. వాడు ఇంట్లో ఉంటానన్నాడు కదా, మరి ఆ బోర్డులు ఎవరు చదవాలని అడిగి చూడండి.